‘మునులకు నత్తిన’: ఈ ‘న’ ఎవరిది?

కందప్రియ: కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మగుట్ట మీద జినవల్లభుడు చెక్కించిన రాతిశాసనంలోని కందపద్యం ఇది. మూడో పాదం దగ్గర ఎప్పుడూ ఆగిపోవలసి వస్తోంది.

జినభవనము లెత్తించుట
జినపూజల్ సేయుచున్కి జినమునులకు న
త్తిన యన్నదాన మీవుట
జినవల్లభు బోలగలరె జినధర్మపరుల్

‘నత్తిన’కు ఏ అర్థం చెప్పుకోవాలి? ‘నచ్చిన’ అని చదివేస్తే చాలా?

శిలాక్షరం: దయచేసి దిద్దకండి. ‘వచ్చు’కి ‘వత్తడు’ ఉంది కదా, అలాగే ‘నచ్చు’కి ‘నత్తు’ అని వాదించేవాళ్లున్నారు. అది నిలవదు. ‘వత్తడు’లో త్త వచ్చింది ‘వస్త’లోని స్త నుంచి, చ్చ నుంచి కాదు.

గణితం: ఛందస్సు ఎంతవరకు తేలుస్తుందో చూద్దాం. రెండో పాదం చివర గురువు తప్పనిసరి. అక్కడున్న ‘న’ లఘువే. తర్వాతి ‘త్తి’ ద్విత్వం కాబట్టి గురువయింది. మూడో పాదంలో ‘త్తి’ లఘువు, దాని పక్కన ప్రాస ‘న’. ‘చ్చిన’ అన్నా ఇవన్నీ కుదురుతాయి. కాబట్టి త్త, చ్చల తగువు గణాలతో తెగదు.

వంగిపఱ్ఱు: అసలు పదం ‘అర్తి’ అయివుండాలి, అదే ‘అత్తి’ అయింది. అర్తిన్ అంటే ప్రేమతో. కన్నడంలోనూ ఉన్న మాట. ‘మునులకున్ + అత్తిన్ + అన్నదానము’ అని విడదీస్తే భావం ఎంత నిండుగా ఉందో చూడండి!

గణితం: భావం నిండుగానే ఉంది, పాదం కుంటుతోంది. సంధి చేస్తే ‘త్తినన్నదాన మీవుట’ అవుతుంది. లెక్కపెట్టండి: త్తి 1, న 2, న్న 1, దా 2, న 1, మీ 2, వు 1, ట 1. మొత్తం 11. కందంలో మూడో పాదానికి 12 మాత్రలు కావాలి. పైగా ‘త్తినన్న’ జగణం (లఘువు, గురువు, లఘువు); కందంలో బేసి స్థానంలో అది రాకూడదు. ‘త్తిన’ తర్వాత ‘య’ గానీ ‘అ’ గానీ విడిగా పలికితేనే ‘త్తినయ’ సగణమై, ‘న్నదాన’ జగణం సరిస్థానంలో పడుతుంది. అంటే ‘నత్తిన’ అన్నానికి విశేషణమే, క్రియావిశేషణం కాదు.

శిలాక్షరం: విశేషణమైతే నా మాట ఇది. ‘మునులకున్’ చివరి ‘న్’, అంటే ద్రుతమే, ఆ ‘న’; అసలు పదం ‘అత్తిన’. అతుకు, అతికిన అనే మాటల చుట్టం. మునులకు అతికిన, అంటే తగిన అన్నం. దిగంబర మునుల ఆహారనియమం తెలిస్తే ‘నచ్చిన’ ఎంత ఎబ్బెట్టో అర్థమవుతుంది. రోజుకు ఒక్కపూట, నిలబడి, దోసిలిలో పెట్టింది తింటారు. ముద్దలో వెంట్రుకో పురుగో కనబడితే అంతరాయం. ఆ పూటకు భోజనం అంతటితో సరి. రుచి ఎంచుకునే ప్రసక్తే లేదు. దాత చూడవలసింది అన్నం శుద్ధిగా, వ్రతానికి తగినట్టు ఉందా అన్నదే.

వంగిపఱ్ఱు: అర్థానికి ఒప్పుకుంటాను. కానీ ‘న’ పదంలోదే కావచ్చు కదా? రెండు విధాలా ధ్వని ఒకటే.

శిలాక్షరం: అవును. శాసనంలో పదాల మధ్య ఖాళీ వదలరు కాబట్టి, రాతి మీది అక్షరాలకు కాగితంపై అచ్చు ఎంత శుభ్రంగా తీసినా అది తేలదు. త్తనా, చ్చనా అన్నది మాత్రం రాయే చెప్పగలదు. ఏటవాలు వెలుతురులో చూడాలి, లేదా తడికాగితం బ్రష్‌తో కొట్టి సిరా అద్ది అచ్చు తీయాలి. గాడుల్లో సుద్దపొడి నింపి ఫొటో తీస్తే కనబడేది నింపినవాడి ఊహ.

కందప్రియ: రెండో పాదంలో ‘సేయుచున్కి’ ఎంత హాయిగా ఉంది! చేయుచు, ఉన్కి. ఆరో గణం జగణమో నలమో (నాలుగు లఘువులు) కావాలన్న నియమం కూడా అందులోని జగణంతోనే తీరింది. నన్నయకు నూరేళ్లకు పైగా ముందు, 945 ప్రాంతంలో.

వంగిపఱ్ఱు: జినవల్లభుడి అన్న, కన్నడ ఆదికవి పంపడు ఆ కాలంలోనే కన్నడంలో కందాలు గుప్పిస్తున్నాడు కదా! ఇద్దరి పూర్వులదీ కమ్మనాటి వంగిపఱ్ఱు. పంపడి కొలువు వేములవాడ రాజు రెండో అరికేసరి దగ్గర. ఇదే శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. బసదికి, అంటే జైన ఆలయానికి, త్రిభువనతిలకమని, వనానికి మదనవిలాసమని పేర్లు. చెరువుకు మాత్రం కవితాగుణార్ణవమని పెట్టాడు. అది అన్నగారి బిరుదు!

గణితం: ‘గుణార్ణవ’ అరికేసరి బిరుదు కూడా. రాజుకూ ఆ పేరు చెందుతుంది.

వంగిపఱ్ఱు: ‘కవితా’ ఉంది కదండీ ముందు. రాజుకెలా చెందుతుంది?