ప్యూర్టోరికోలో రాత్రిపూట మెరిసే నీళ్లు: పెద్దవాళ్లను పడవలో తీసుకువెళ్లాలంటే ఏ తీరం మంచిది?

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు గత నెలలో కోనసీమ నుంచి సందర్శక వీసా మీద మా దగ్గరికి వచ్చారు. డిసెంబరు సెలవుల్లో వారిని ప్యూర్టోరికో తీసుకువెళ్లి, రాత్రివేళ నీలంగా మెరిసే ఉప్పునీటి మడుగును గైడు వెంట పడవలో తిప్పి చూపించాలని ఉంది. దీని వెనుక నాన్నగారి పాత కోరిక ఒకటి ఉంది. ఆయన చిన్నతనం అంతర్వేది దగ్గర గడిచింది. ఒక రాత్రి మత్స్యకారుల పడవలో వెళ్లినప్పుడు వల లాగుతుంటే తాళ్ల వెంట వెలుగు జారిందని, చేతులకు అంటిన నీళ్లు మిణుగురుల్లా మెరిశాయని ఇప్పటికీ చెబుతూ ఉంటారు. ఆ తరువాత ఎన్నిసార్లు సముద్రం దగ్గరికి వెళ్లినా ఆ వెలుగు మళ్లీ కనబడలేదట.

ప్యూర్టోరికోలో ఇటువంటి తావులు మూడు ఉన్నాయని చదివాను: వియెకెస్ ద్వీపంలోని మస్కిటో బే, ఫహార్దో దగ్గరి లగూనా గ్రాందే, నైరుతి మూలన లాహాస్ ప్రాంతంలోని లా పార్గేరా. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కనుక తెడ్డు వేసుకుంటూ కయాక్ అనే సన్నటి చిన్న పడవలో కూర్చోవడం కుదరదు. నాన్నగారికి మధుమేహం ఉంది, రాత్రి భోజనం ఆలస్యం కాకూడదు. అమావాస్య దగ్గరలో వెళ్లాలని అందరూ రాస్తున్నారు. అమ్మ మాత్రం అమావాస్య నాడు ప్రయాణానికి ఒప్పుకోదు. స్వయంగా వెళ్లి వచ్చినవారు, ముఖ్యంగా పెద్దవాళ్లతో వెళ్లినవారు, ఏది మంచిదో చెప్పగలరా?

సమాధానం 1 (ఓర్లాండో నుంచి)

నమస్కారమండీ. రెండేళ్ల క్రితం మా అత్తగారిని, మామగారిని లా పార్గేరాకు తీసుకువెళ్లాను. మీరు చెప్పిన పరిస్థితికి అదే సరిపోతుందని నా అభిప్రాయం. ఫహార్దోలో, వియెకెస్‌లో యాత్రలు ఎక్కువగా కయాక్‌ల మీదే సాగుతాయి. ఫహార్దోలో అయితే మడుగు చేరడానికి ముందు మడచెట్ల మధ్య ఇరుకైన కాలువలో, కొమ్మలు తలకు తగలకుండా వంగుతూ, చీకట్లో చాలాసేపు తెడ్డు వేయాలి. ఓపిక ఉన్న నడివయసువారికి అది మరపురాని ప్రయాణమే కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషి కాళ్లు చాపుకుని గంటన్నరసేపు అలా కూర్చోలేరు. లా పార్గేరాలో మోటారు పడవలు తిరుగుతాయి. బల్లల మీద మామూలుగా కూర్చోవచ్చు, ఆనుకోవడానికి వీపు వెనుక ఆధారం ఉంటుంది.

రాజధాని శాన్ హువాన్ నుంచి లా పార్గేరాకు కారులో రెండు గంటలకు పైగా పడుతుంది. కొండలు దాటి పోన్సే నగరం మీదుగా వెళ్లాలి. చూసి అదే రాత్రి వెనక్కి రావాలని మాత్రం అనుకోకండి. ఆ ఊళ్లోనో పోన్సేలోనో బస చేయండి. మేము ఆ పొరపాటు చేసి, అలసిన కళ్లతో అర్ధరాత్రి కొండదారిలో వచ్చాము. మామగారు ఒక్క మాట కూడా అనలేదు కానీ ఆయన చేయి తలుపు పిడిని వదలలేదు.

పడవ ఎక్కే దగ్గర రేవు చెక్కకూ పడవ అంచుకూ మధ్య ఒక అడుగు దించవలసి వస్తుంది. చీర కట్టుకుని ఆ అడుగు వేయడం మా అత్తగారికి కష్టమైంది. మీ అమ్మగారికి సల్వార్ కమీజ్ గానీ ప్యాంటు గానీ అలవాటు ఉంటే ఆ పూటకు అదే మేలు. టికెట్ తీసుకునేటప్పుడే పెద్దవాళ్లు వస్తున్నారని చెప్పి, నడుమ భాగంలో చోటు అడగండి. ముక్కు దగ్గర కూర్చుంటే కుదుపులు, నీటి తుంపరలు ఎక్కువ. భోజనం సాయంత్రం ఐదున్నరకే ముగించండి. మేము పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని వెళ్లి రేవు పక్కనే తినేశాము. నాన్నగారి కోసం నాలుగు బిస్కెట్లు జేబులో ఉంచుకుంటే చాలు.

వెళ్లివచ్చేది అమెరికా భూభాగంలోనే కనుక మీ తల్లిదండ్రుల వీసాకు దీనివల్ల ఇబ్బంది ఉండదు, కానీ వారి పాస్‌పోర్టులు వెంట ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు శాన్ హువాన్ విమానాశ్రయంలో సామానును వ్యవసాయ శాఖ తనిఖీకి పెడతారు. పళ్లూ మొక్కలూ కొని సంచిలో వేసుకోకండి.

సమాధానం 2 (బోస్టన్ నుంచి)

పై సమాధానంలోని సౌకర్యాల మాట నిజమే. కాంతి విషయంలో మాత్రం కొంత వేరుగా చెప్పవలసి ఉంది. నేను సముద్ర జీవశాస్త్రం చదువుకున్నాను, మూడు చోట్లా చూశాను. మూడింటిలో మసకది లా పార్గేరా. వియెకెస్‌లోని మస్కిటో బే ప్రపంచంలోకెల్లా ప్రకాశవంతమైన మెరిసే అఖాతంగా గిన్నిస్ రికార్డుల్లో నమోదైంది. అక్కడ ఊరి దీపాలు దగ్గరలో లేవు, మోటారు పడవల రద్దీ లేదు. లా పార్గేరా కూడా ఒకప్పుడు చాలా ప్రసిద్ధమైనదే. దశాబ్దాలుగా పెరిగిన పడవలూ తీరం వెంట కట్టడాలూ దీపాలూ దాని వెలుగును తగ్గించాయి. మోటారు పడవ మీద వెళ్లి చూసే మనమంతా ఆ తగ్గుదలలో భాగస్వాములమేనని నాకు బాధ కలుగుతుంది. అయినా మీ అమ్మగారి మోకాళ్లను బట్టి లా పార్గేరాకు వెళ్లడంలో తప్పు లేదు. ఏమి చూడబోతున్నామో తెలిసి వెళితే చాలు.

ఆ వెలుగు పైరోడినియం బహామెన్సే అనే ఏకకణ జీవిది. పైరోడినియం అంటే గిరగిర తిరిగే నిప్పు అని అర్థం. విడిగా కంటికి కనిపించనంత చిన్నది. మంచి రోజుల్లో ఒక్క గ్యాలను నీటిలో లక్షల్లో ఉంటుంది. నీరు కదిలి దాని ఒంటికి తాకిడి కలగగానే కణం లోపల లూసిఫెరిన్ అనే పదార్థం లూసిఫెరేస్ అనే ఎంజైము సహాయంతో ఆక్సిజన్‌తో కలిసి, సెకనులో పదో వంతు సేపు నీలి కాంతిని వెదజల్లుతుంది. తనను తినవచ్చిన చిన్న జీవిని బెదరగొట్టడానికో, ఆ జీవిని తినే మరో పెద్ద జీవికి దాని జాడ చూపడానికో ఈ మెరుపు పనికివస్తుందని శాస్త్రవేత్తల ఆలోచన. పగలు ఎండలో ఆహారం తయారుచేసుకుని రాత్రి మాత్రమే మెరుస్తుంది కనుక, రోజంతా ఎండ కాసిన నాటి రాత్రి వెలుగు బాగుంటుంది. పెద్ద వాన పడి మంచినీరూ బురదా చేరితే తగ్గుతుంది.

ఈ అఖాతాలు అన్నింటికీ ముఖం ఇరుకు. అందుకే ఆటుపోట్లకు జీవులు సముద్రంలోకి కొట్టుకుపోవు. చుట్టూ ఉన్న ఎర్ర మడచెట్ల ఆకులు నీటిలో రాలి కుళ్లి, వాటికి కావలసిన పోషకాలను, విటమిన్ బి12ను అందిస్తాయి. అంటే మడ అడవిని నరికితే వెలుగు ఆరిపోతుంది. 2013 నవంబరులో ఫహార్దో మడుగు కొన్నాళ్లు చీకటైపోయినప్పుడు అక్కడివారు పడిన కలవరం అంతా ఇంతా కాదు. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను తరువాత మస్కిటో బే నెలల తరబడి మెరవలేదు. తరువాత మళ్లీ కోలుకుంది.

మీ నాన్నగారు అంతర్వేది దగ్గర చూసినది బహుశా వేరే జాతి. మన తూర్పు తీరంలో ఎక్కువగా నాక్టిల్యూకా అనే జీవి కనబడుతుంది. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో అలలు నీలంగా మెరిసినప్పుడు కారణం అదే. అది సముద్రపు పరిస్థితులు కుదిరినప్పుడు విస్తారంగా పెరిగి, కొద్ది రోజుల్లో చెదిరిపోతుంది. ఆయనకు మళ్లీ కనబడకపోవడంలో వింత లేదు. ప్యూర్టోరికో మడుగుల్లో వెలుగు ఏడాది పొడవునా ఉంటుంది. ఆ తేడా ముందుగా చెబితే ఆయన ఆసక్తిగా వింటారు.

సమాధానం 3 (డాలస్ నుంచి)

అమావాస్య గురించి మీ అమ్మగారికి నచ్చే దారి ఉంది. మనకు కావలసినది చీకటి. అందుకు అమావాస్య తిథే అక్కర్లేదు. పౌర్ణమి తరువాత చంద్రోదయం రోజూ ముప్పావు గంటకు పైగా వెనక్కి జరుగుతుంది. సంకష్టహర చతుర్థి నాడు ఉపవాసం ఉన్నవారు చంద్రుడి కోసం రాత్రి ఎంతసేపు ఎదురుచూస్తారో అమ్మగారికి బాగా తెలుసు. ఆ లెక్క ప్రకారం బహుళ పంచమి, షష్ఠి దాటితే రాత్రి ఏడు గంటల పడవకు ఆకాశంలో చంద్రుడే ఉండడు. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు కనుక ఏడుకు చిక్కటి చీకటి పడుతుంది. బహుళ దశమి, ఏకాదశుల్లో బయలుదేరి, అమావాస్యకు ముందే ఇంటికి చేరుకోవచ్చు. శుక్ల పక్షంలో అయితే విదియ, తదియ దాటితే సాయంత్రమే వెన్నెల ఉంటుంది. ఆ రోజులు వద్దు.

ఇంకొక మాట ఫొటోల గురించి. ఇంటర్నెట్‌లో కనిపించే గాఢమైన నీలం చాలావరకు కెమెరాను స్టాండు మీద నిలిపి, ఎక్కువసేపు కాంతిని పట్టి తీసినది. కదిలే పడవ మీద ఫోనుతో అది సాధ్యం కాదు. మన కంటికి అది పాలనీలం రంగులో, కొన్నిసార్లు దాదాపు తెల్లగా కనిపిస్తుంది. చీకటికి కళ్లు అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో ఎవరైనా ఒక్కసారి ఫోను తెర వెలిగిస్తే మళ్లీ మొదటికి వస్తుంది. రేవులోనే ఫోన్లు ఆపి సంచిలో వేసేయండి. సన్నటి వెలుగును నేరుగా కాకుండా కాస్త పక్కకు చూస్తే ఇంకా బాగా కనబడుతుంది. వయసు పైబడినవారి కళ్లకు ఈ సమయం మరింత కావాలి కనుక, మొదటి పది నిమిషాల్లో ఏమీ లేదని అంటే తొందరపెట్టకండి.

గైడు ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ చెబుతాడు. పడవలో పక్కవారికి ఇబ్బంది కలగకుండా, పై సమాధానంలోని వివరాలన్నీ పెద్దవాళ్లకు హోటల్లోనే తెలుగులో చెప్పేయండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. లా పార్గేరాకే వెళ్లాలని, బహుళ ఏకాదశి రాత్రికి పడవ తీసుకోవాలని నిర్ణయించుకున్నాము. అమ్మ పంచాంగం చూసి ఒప్పుకుంది. ఇంకొక సందేహం: నాన్నగారు నీళ్లలో చేయి పెట్టి చూడాలంటున్నారు. అది ఆ జీవులకు హాని అవుతుందా? దోమల మందు రాసుకోవచ్చా?

సమాధానం 2 (బోస్టన్ నుంచి)

మస్కిటో బేలోనూ ఫహార్దోలోనూ ఈత నిషేధం. అక్కడ ఎవరైనా దొంగచాటుగా దిగవచ్చని చెప్పినా వినకండి. లా పార్గేరాలో కొందరు పడవలవారు ఈతకు కూడా అనుమతిస్తారు కనుక చేయి ముంచడానికి అభ్యంతరం ఉండదు. కానీ ఆ చేతికి ఏమీ రాసి ఉండకూడదు. దోమల మందుల్లోని రసాయనాలు, ఎండ నుంచి కాపాడే క్రీములు ఈ జీవులకు చేటు. పొడుగు చేతుల చొక్కా, సాక్సులు వేసుకుంటే మందు అవసరం రాదు. పగలు క్రీము రాసుకుని ఉంటే సాయంత్రం సబ్బుతో స్నానం చేసి బయలుదేరండి.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తరువాత)

వెళ్లి వచ్చాము కనుక రాస్తున్నాను. మధ్యాహ్నం చిన్న జల్లు పడడంతో భయపడ్డాము కానీ సాయంత్రానికి ఆకాశం తేటపడింది. అఖాతంలోకి వెళ్లాక మోటారు ఆపి దీపాలు ఆర్పారు. మొదట అమ్మకు ఏమీ కనబడలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. కాసేపటికి గైడు నీళ్లలోకి దూకి చేతులు ఆడించినప్పుడు అతని చుట్టూ పొగలా వెలుగు లేచింది. అప్పుడు అమ్మ నా చేయి పట్టుకుంది. వెలుగు ఫొటోల్లో చూసినంత లేదు, ఆ మాట ఇక్కడ ముందే చెప్పినందుకు ధన్యవాదాలు. దేనితోనూ పోల్చుకోకుండా చూడగలిగాము.

నాన్నగారు స్నానం చేసి వచ్చిన చేతిని మణికట్టు దాకా ముంచి, బయటికి తీసి, వేళ్ల మీద చుక్కలు ఆరిపోయేదాకా చూశారు. అంతర్వేదిలో ఇంతకంటే పచ్చగా ఉండేదని అన్నారు. పడవ కింద ఒక వెలుగు గీత వేగంగా వంకరలు తిరుగుతూ పోతుంటే, మేమంతా చేప అనుకుంటూ ఉండగానే, గీత మధ్యలో తెగుతున్న తీరును బట్టి అది రొయ్య అయి ఉంటుందని ఆయన చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ కూడా పడవ అంచు మీంచి చేయి జార్చి, గాజుల చుట్టూ నీళ్లు వెలుగుతుంటే రేవు దీపాలు దగ్గరపడేదాకా తీయలేదు.