చోళ్ళ పరిశోధనలో దేనికి ముందు పీట వేయాలి?

నమస్కారం. విశాఖపట్నంలో వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదువుతూ, అరకు, పాడేరు కొండల్లో గిరిజన రైతులు పండించే చోళ్ళపై (రాగులపై) పరిశోధనకు ప్రాధాన్యాలు ఎలా నిర్ణయించాలన్న అంశం మీద పత్రం రాస్తున్నాను. అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

సాధారణంగా పంట ఉత్పత్తి విలువను బట్టి నిధులు పంచుతారు, లేదా కొత్త రకంతో దిగుబడి ఎంత పెరుగుతుంది, ఎందరు రైతులు దాన్ని వేస్తారు, పరిశోధన ఫలించే అవకాశం ఎంత అన్నవి కలిపి లాభం అంచనా వేస్తారు. ఇలా చూస్తే వరిదే పైచేయి అవుతుంది. అంబలిగానో సంకటిగానో ఇంట్లోనే ఖర్చయి, సంతకు రాని చోళ్ళకు ఏ ధర కట్టాలి? మద్దతు ధరా, లేక ఇంట్లో గింజలు అయిపోయాక కొనుక్కోవలసి వచ్చే ధరా? నాకైతే రెండోదే న్యాయమనిపిస్తోంది.

అసలు చిక్కు మరొకటి. అగ్గి తెగులు వెన్ను (కంకి) మెడకు సోకితే గింజ తాలుపోతుంది. ఆ నష్టం కంటికి కనిపిస్తుంది, లెక్కకూ అందుతుంది. తూర్పు ఆఫ్రికాలోనూ ఈ పంటకు ఇదే బెడద కాబట్టి, తెగులును తట్టుకునే రకం కోసం జరిగే కృషి అక్కడివారికీ ఉపయోగపడవచ్చు. అయితే వెన్నులు ఆరబెట్టి, కర్రలతో కొట్టి, చెరిగే ఆడవాళ్ళ శ్రమను తగ్గించే నూర్పిడి యంత్రాన్ని ఆ రకంతో ఒకే తూకంలో ఎలా తూచాలి? ఆ శ్రమకు కూలి రేటు కడితే సరిపోతుందా? ఆడవారినీ మగవారినీ వేరువేరుగా కూర్చోబెట్టి ప్రాధాన్యాలు అడిగినవారెవరైనా ఉంటే, రెండు జాబితాలు పొసగనప్పుడు ఏం చేశారో దయచేసి వివరించగలరు.