లైబ్రరీ కంప్యూటర్లలో గౌతమి ఫాంటు పెట్టొచ్చా, పెట్టకూడదా?

పల్లె_లైబ్రరీ:
మా ఊరి లైబ్రరీకి 12 పాత కంప్యూటర్లు వచ్చాయి. అన్నిట్లోనూ విండోస్ బదులు డెబియన్ అనే ఉచిత లినక్స్ వేశాం. సిస్టమూ ఫాంట్లూ అన్నీ కలిపి ఒక ఇమేజ్ (మొత్తం కాపీ) తయారుచేసి పెన్‌డ్రైవ్‌తో ఎక్కిస్తున్నాను. పక్క మండలాల వాళ్లు కూడా అదే ఇమేజ్ కావాలంటున్నారు.

చిక్కంతా తెలుగు ఫాంట్ల దగ్గర వచ్చింది. మాకు వచ్చే దరఖాస్తు ఫారాలు చాలావరకు విండోస్‌లో గౌతమి ఫాంటుతో టైపు చేసినవి. మా దగ్గర తెరిస్తే దాని బదులు వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. నిన్న ఒక పెద్దావిడ పింఛను దరఖాస్తు ప్రింటు తీయించుకున్నారు. "దరఖాస్తుదారు సంతకం" అన్న ఒక్క లైను రెండో పేజీలోకి జారిపోయింది. ఆ ఒక్క లైను కోసం ఇంకో కాగితానికి డబ్బులిచ్చి పట్టుకెళ్లారు. నాకు చాలా బాధేసింది.

విండోస్ మెషీన్ నుంచి గౌతమి ఫైలు కాపీ చేసి ఇమేజ్‌లో పడేయమని అందరూ అంటున్నారు. నాకైతే అది చేయకూడదనే ఉంది. కానీ ఆవిడ ముఖం గుర్తొస్తే ఆ మాట గట్టిగా అనలేకపోతున్నాను. మీరేమంటారు?

డీటీపీ_షాపు:
పెట్టేయండి మాస్టారూ. నేను ఇరవై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. షాపుకి వచ్చినవాళ్లు ఏ రోజూ లైసెన్సు గురించి అడగలేదు, ఫారం సరిగ్గా వచ్చిందా లేదా అనే చూశారు. గౌతమి ఎక్స్‌పీ కాలం నుంచీ విండోస్‌తో వస్తూనే ఉంది. ఊరందరి దగ్గరా ఉన్న ఫాంటు ఇంకో 12 మెషీన్లలో ఉంటే ఎవరి సొమ్ము పోతుంది? ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ కూడా మైక్రోసాఫ్ట్ ఇచ్చినవే, డెబియన్‌లో ప్యాకేజీగా దొరుకుతున్నాయి. వాటికి లేని అడ్డు దీనికెందుకు?

ప్యాకేజీల_పని:
అన్నా, ఆ ప్యాకేజీ లోపల ఏముందో చూస్తే సంగతి అర్థమవుతుంది. అందులో ఒక్క ఫాంటు కూడా ఉండదు.

మైక్రోసాఫ్ట్ 1996లో వెబ్ కోసమని కొన్ని ఫాంట్లు ఉచితంగా ఇచ్చి, 2002లో ఆపేసింది. ఇచ్చిన ఫైలును ఇచ్చినట్టే పంచుకోవచ్చు, మార్చకూడదు, లాభానికి పంచకూడదు, సొంత ఉత్పత్తిలో కలిపి అమ్ముకోకూడదు. ఇవీ షరతులు. ఈ షరతులతో డెబియన్ ఆ ఫాంట్లను మెయిన్‌లో, అంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉండే తన అసలు విభాగంలో, పెట్టుకోలేదు. అందుకని ఆ ప్యాకేజీని ఒక ఇన్‌స్టాలర్‌గా చేశారు. మనం దాన్ని ఎక్కించాక అది సోర్స్‌ఫోర్జ్ సైటు నుంచి ఆ పాత ఫైళ్లను దింపి, మన మెషీన్‌లోనే విప్పుతుంది. ఆ ఇన్‌స్టాలర్‌ని కూడా కాంట్రిబ్ అనే పక్క విభాగంలోనే ఉంచారు. ఒక ఫాంటు ఉచితంగా దొరకడానికీ, దాన్ని డెబియన్ లాంటి డిస్ట్రోలో కలిపి పంచడానికీ మధ్య ఎంత దూరముందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

గౌతమి ఆ ఉచిత జాబితాలోనే లేదు. అది విండోస్ లైసెన్సు కింద విండోస్‌తో వచ్చిన ఫాంటు. మాస్టారు కాపీ చేసి పెడితే అది ఆ 12 మెషీన్లతో ఆగదు. రేపు పక్క మండలానికి వెళ్తుంది, అక్కడి నుంచి ఏ బడికో వెళ్తుంది. తీసుకున్నవాళ్లకి అందులో పంచకూడని ఫైలు ఒకటుందని కూడా తెలియదు. వాళ్లని ఆ స్థితిలో పెట్టే హక్కు మనకి లేదు.

మెయిన్‌లో మన ఫాంట్లు ఉన్నాయి కదా. లోహిత్ తెలుగు ఉంది. పోతన2000, వేమన2000 ఒకే ప్యాకేజీలో వస్తాయి. నోటో ఉంది. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన మండలి, గిడుగు, సురవరం లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి, నిశ్చింతగా పంచుకోవచ్చు.

స్వేచ్ఛా_పక్షం:
ఆ ఓపెన్ ఫాంట్ లైసెన్సు మాత్రం పూర్తి స్వేచ్ఛ ఇస్తోందా? ఫాంటుని విడిగా అమ్మకూడదంటుంది. పేరు రిజర్వ్ చేసి ఉంటే, ఒక్క చుక్క మార్చినా పేరు మార్చాలంటుంది. మైక్రోసాఫ్ట్ షరతు పెడితే తప్పు, వీళ్లు పెడితే ఒప్పా?

ప్యాకేజీల_పని:
మంచి ప్రశ్న. ఏది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరో చెప్పే డెబియన్ సూత్రాల్లో మొదటిది, ఇతర సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్ముకోవడాన్ని లైసెన్సు ఆపకూడదంటుంది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు దాన్ని ఆపదు. నాలుగో సూత్రం, మార్చినదానికి వేరే పేరు పెట్టమని అడగడాన్ని ఒప్పుకుంటుంది. రెండు షరతులూ ఆ గీత లోపలే ఉన్నాయి.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఒక ఫాంటులో "స్త్రీ" అని టైపు చేస్తే కింది వత్తు తోక తెగిపోయేది. ఫాంట్లు దిద్దే ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి చూస్తే, అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి. లైను కింద వదలాల్సిన జాగా తక్కువ ఇచ్చారు, అంతే. ఒక అంకె మార్చాను, పేరు మార్చి మళ్లీ తయారుచేశాను. వత్తు నిండుగా కనిపించింది. పేరు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. అదే తప్పు గౌతమిలో ఉంటే మనం చేతులు కట్టుకుని కూర్చోవాలి. మన లిపిలో తప్పుని మనం దిద్దుకోలేని ఫాంటుని లైబ్రరీలో ఎందుకు పెట్టాలి?

నాకున్న అభ్యంతరం వేరే. ఈ లైసెన్సు సోర్సు ఫైళ్లు ఇచ్చి తీరాలని అడగదు. ఒట్టి టీటీఎఫ్ (తయారైన ఫాంటు ఫైలు) ఇచ్చి ఊరుకున్నా సరిపోతుంది. గీసినవాళ్ల అసలు డ్రాయింగు లేకపోతే చిన్న సవరణలే చేయగలం, పెద్ద పని పట్టుకోలేం.

కొత్త_విద్యార్థి:
అన్నా, జీపీఎల్ అంటే మార్చి పంచినా అదే లైసెన్సుతో పంచాలనేది కదా, ఆ ఫాంటుతో పీడీఎఫ్ చేస్తే ఆ పీడీఎఫ్ కూడా జీపీఎల్ అయిపోతుందా?

ప్యాకేజీల_పని:
ఆ అనుమానం రాకూడదనే జీపీఎల్‌కి ఫాంట్ల మినహాయింపు ఒకటి చేర్చుకునే వీలుంది. ఓపెన్ ఫాంట్ లైసెన్సైతే, ఫాంటు వాడి చేసిన డాక్యుమెంటుకి ఈ లైసెన్సు అంటదని నేరుగా రాసింది తమ్ముడూ. లోహిత్ కూడా 2011లో జీపీఎల్ నుంచి అందులోకే మారింది.

డీటీపీ_షాపు:
తమ్ముడూ, వత్తు సంగతి ఒప్పుకుంటాను. కానీ మీ మాటలన్నిటితోనూ ఆ పెద్దావిడ సంతకం లైను మొదటి పేజీకి రాలేదు. ఇంగ్లీషుకి రెడ్‌హ్యాట్ కంపెనీ 2007లో లిబరేషన్ ఫాంట్లు ఇచ్చింది. అక్షరం వెడల్పు ఏరియల్‌తో, టైమ్స్‌తో సరిగ్గా సరిపోయేలా చేశారు కాబట్టి లైను కదలదు. తెలుగులో గుణింతాలు, వత్తులు అన్నీ కొలవాలి, అది పెద్ద పని. అది అయ్యేదాకా జనం ఏం చేయాలి? పీడీఎఫ్ పంపమని అడగమంటారేమో, ఈ ఫారాల్లో టైపు చేసి నింపాల్సిన ఖాళీలుంటాయి. నేను మాత్రం ఇప్పటికీ పెట్టేయమనే అంటాను.

పల్లె_లైబ్రరీ:
అన్నా, మీరన్నది నిజం. గౌతమి మాత్రం ఇమేజ్‌లో పెట్టను. ఇంకో ఊరికి వెళ్లే పెన్‌డ్రైవ్ అది. దాని బదులు మా దగ్గరికి తరచూ వచ్చే ఫారాలు ఏరి, ఒక్కొక్కటీ లోహిత్‌లో మళ్లీ అమర్చి ఇమేజ్‌తో పాటు ఇస్తాను. మీ షాపులో అసలు ఫారాల గౌతమి ప్రింట్లుంటే పక్కన పెట్టండి, లైన్లు సరిచూసుకోవడానికి కావాలి. ఆదివారం వచ్చి తీసుకుంటాను. పింఛను ఫారంతో మొదలుపెడతాను. లైన్ల మధ్య ఎడం కాస్త తగ్గిస్తే ఆ సంతకం లైను పైకి రావాలి.