ఉచిత వైద్యం పక్కనే ఉన్నా, రోగం ముదిరే దాకా ఎందుకు ఆగుతున్నారు?

పద్మారావునగర్ వాసి:
మా అపార్ట్‌మెంటులో నాలుగిళ్లలో పనిచేసే ఆవిడ గత నెల బీపీ పెరిగి పక్షవాతంతో పడిపోయింది. ఆమె ఉండే సందు చివరే బస్తీ దవాఖానా ఉంది. 2018లో మొదలైన ఈ ప్రభుత్వ దవాఖానాలు ఇప్పుడు హైదరాబాద్ నగరంలో వందల్లో ఉన్నాయి. డాక్టరు చూస్తారు, బీపీ మాత్రలు ఊరికే ఇస్తారు. అయినా ఆవిడ మూడు నెలలుగా మాత్రలు తెచ్చుకోలేదట. ప్రతిదానికీ పేదరికాన్ని చూపించే మిత్రులు దీనికేమంటారు? నేనైతే నిర్లక్ష్యమనే అంటాను.

బోరబండ ఆడపడుచు:
దవాఖానా తెరిచి ఉండేది ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు. నాలుగిళ్ల పని ముగించుకుని ఆవిడ ఇల్లు చేరేది ఎన్నింటికో మీకే తెలియాలి. మా బస్తీలో నల్లా ఏ రాత్రో వదులుతారు, బిందెలు నింపుకుని పడుకునేసరికి పన్నెండు దాటుతుంది, మళ్లీ అయిదింటికి లేవాలి. నిర్లక్ష్యం అనే ముందు ఆ రోజును ఒకసారి లెక్కవేసి చూడండి.

మలక్‌పేట మిత్రుడు:
రాత్రి తొమ్మిదింటికి తలుపు తీసి ఉండేది ఆరెంపీ డాక్టరు ఒక్కడే.

పద్మారావునగర్ వాసి:
నెలకు ఒక్క గంట, అమ్మా. ఒక్క గంట దొరకదా? మా నాన్నగారిని ఒక పెద్ద సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లి, ఓపీ చీటీ కోసం ఏడింటి నుంచి నిలబడి, మధ్యాహ్నం రెండింటికి ‘డాక్టరు వెళ్లిపోయారు’ అనిపించుకుని వచ్చినవాణ్ణి నేను. ఆ రోజు నుంచి ప్రీమియం కట్టుకుంటున్నాను, పన్నూ కడుతున్నాను. నా గంటలకు లెక్క లేదా?

విశ్రాంత ఏఎన్ఎం:
బాబూ, మీ గంటలూ లెక్కే. కానీ ఊరికే ఇచ్చే మందుకు కూడా ఖర్చు ఉంటుందని ముప్పై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి తెలుసుకున్నాను. క్షయ సంగతే చూడండి. మామూలు రకానికి ఆరు నెలల మందులు ఉచితం. పోషణ కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. అయినా మధ్యలో మానేసేవారు ఉన్నారు. ఒకామె మాత్రల పట్టీని బియ్యం డబ్బా అడుగున దాచుకునేది, ఎందుకంటే ఇంటి ఓనరు కంట పడితే గది ఖాళీ చేయమంటాడని భయం. కిటికీ లేని ఆ గదిలోనే ఆరుగురు పడుకునేవారు. ఆమెకు తెలియక కాదు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో నాకే అప్పజెప్పేది.

పద్మారావునగర్ వాసి:
క్షయ వేరు, బీపీ వేరు. నేను అడిగింది ఒక్క గంట గురించి, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

బోరబండ ఆడపడుచు:
సరే, గంట గురించే మాట్లాడదాం. ఆవిడ మిమ్మల్ని ఎప్పుడైనా ఆ గంట అడిగిందా?

పద్మారావునగర్ వాసి:
ఇది చర్చా, విచారణా? అడిగింది. నెలకు రెండు సెలవులు, మూడోదానికి కోత అన్నది మా అసోసియేషన్ నియమం, నేనొక్కణ్ణే పెట్టింది కాదు. ఆ రెండూ పిల్లల జ్వరాలకు, పెళ్లిళ్లకు వాడేసుకుంటే నేనేం చేయను?

మలక్‌పేట మిత్రుడు:
మూడు నెలలు మందులెందుకు తెచ్చుకోలేదో ఇప్పుడు తెలిసింది.

నిర్వాహకుడు:
వ్యక్తిగత దూషణ వద్దు. విషయం మీద ఉండండి.

బోరబండ ఆడపడుచు:
విషయం మీదే ఉన్నాను. పడిపోయి ఆసుపత్రిలో చేరాక ఆరోగ్యశ్రీ ఉంది, దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. పడిపోకముందు ఆ గంట కూలి ఎవరు భరించాలన్నదే నా ప్రశ్న. ఆవిడే భరించాలని మీరంటున్నారు, కాదని నేనంటున్నాను. పొద్దుటి నుంచి మన తగువంతా ఇదే, అవగాహన గురించి కాదు.

పద్మారావునగర్ వాసి:
నేను భరించాలని ఏ చట్టంలో ఉంది? ప్రభుత్వం దవాఖానాను రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచితే ఈ గొడవే ఉండదు.

విశ్రాంత ఏఎన్ఎం:
అమ్మాయి మొదటి జవాబులో ఎత్తిచూపింది ఆ వేళల సంగతే కదా, బాబూ. పోనీ, ఆవిడ బదులు ఇప్పుడు పనికి ఎవరు వస్తున్నారు?

పద్మారావునగర్ వాసి:
వాళ్లమ్మాయి. డిగ్రీ మొదటి సంవత్సరం. కాలేజీకి వెళ్తోందో లేదో నేను అడగలేదు.