పాత ధారావాహికలు మళ్లీ విడుదలైనప్పుడు పాటలు ఎందుకు మారుతున్నాయి?

ప్రశ్న: 1990లలో కేబుల్ టీవీలో చూసిన ‘ద వండర్ ఇయర్స్’ను పిల్లలకు చూపిద్దామని ఆ మధ్య ఆన్‌లైన్‌లో వెతికి పెట్టాను. మొదట్లో వచ్చే పాట అదే, పదాలూ అవే, కాని గొంతు జో కాకర్‌ది కాదు. కొన్ని సన్నివేశాల్లో వెనుక రావలసిన పాటలకు బదులు ఎక్కడా విననట్టి వాద్యసంగీతం వినిపించింది. ఇది నకిలీ ప్రతి అనుకోవాలా? అసలు పాటలున్న ప్రతి దొరికే మార్గం ఉందా? అమెరికాలో ఉన్న మా అక్కయ్య డిస్కులు పంపగలదు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు: నకిలీ కాకపోవచ్చునండీ. 2011లో ఆ ధారావాహిక అమెరికాలో స్ట్రీమింగ్‌కు వచ్చినప్పుడు అధికారిక ప్రతిలోనే శీర్షిక గీతాన్ని వేరే గొంతుతో పెట్టారు. పాట అదే, గొంతు వేరు అని మీరు గమనించారే, కారణం అక్కడే ఉంది. రికార్డయిన ప్రతి పాటలోనూ రెండు వేర్వేరు ఆస్తులుంటాయి. సాహిత్యమూ బాణీ కలిసి ఒకటి. దాని హక్కు సాధారణంగా మ్యూజిక్ పబ్లిషర్ దగ్గర ఉంటుంది. ఫలానా గాయకుడు పాడిన రికార్డింగు రెండవది. అది ఎక్కువగా ఆడియో కంపెనీది. పాటను దృశ్యానికి జోడించాలంటే మొదటిదానికి సింక్ లైసెన్సు, రెండవదానికి మాస్టర్ లైసెన్సు విడివిడిగా తీసుకోవాలి. మొదటిది కుదిరి రెండవది కుదరకపోతే అదే పాట వేరొకరి గొంతులో వినిపిస్తుంది. మొదటిది కూడా కుదరకపోతే పాటే మారిపోతుంది. ‘డాసన్స్ క్రీక్’ అనే మరో అమెరికా ధారావాహిక స్ట్రీమింగ్‌లో పౌలా కోల్ పాడిన శీర్షిక గీతం స్థానంలో జాన్ ఆర్డెన్ పాట వచ్చింది కూడా ఇటువంటి లైసెన్సు చిక్కుల వల్లే. 2021లో పౌలా కోల్ తన పాటను తానే కొత్తగా పాడి రికార్డు చేసిన తరువాత అది తిరిగి చేరింది.

మరి మొదటిసారి ప్రసారమైనప్పుడు లేని చిక్కు ఇప్పుడెందుకు అంటే, అప్పట్లో నిర్మాతలు టీవీ ప్రసారానికి మాత్రమే, అదీ కొన్నేళ్ల గడువుకు మాత్రమే హక్కులు కొనేవారు. ఇంట్లో కూర్చుని ఒక ధారావాహికను మొత్తం కొనుక్కుని చూసే రోజు వస్తుందని ఊహించనివారు దానికోసం అదనంగా ఎందుకు చెల్లిస్తారు? ‘మీడియం కూల్’ అనే సినిమాలోని ఒక పాటకు 1969లో ఇచ్చిన లైసెన్సులో టెలివిజన్ ద్వారా ప్రదర్శన అన్న మాట ఉంది. తరువాత ఆ సినిమాను వీడియో క్యాసెట్లుగా అమ్మితే, క్యాసెట్టు ఆ మాట కిందికి రాదని 1988లో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. నా మట్టుకు ఇది సబబైన తీర్పే; ఇళ్లలో వీసీఆర్‌లు లేని కాలంలో రాసుకున్న కాగితం వీసీఆర్ హక్కును ఇచ్చిందనడం కష్టం. నేటి ఒప్పందాల్లో ‘ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాలకు, శాశ్వతంగా’ అని రాసుకోవడానికి ఇటువంటి అనుభవాలే కారణం.

ఎక్కువగా దెబ్బతిన్నది సంగీతమే ఊపిరిగా ఉన్న కార్యక్రమాలు. రేడియో స్టేషను నేపథ్యంగా 1978 నుంచి 1982 వరకు వచ్చిన ‘డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి’ పునఃప్రసారాలకు వచ్చేసరికి లైసెన్సుల గడువు తీరింది. పాట మీద సంభాషణ నడిచే చోట్ల రెండూ ఒకే శబ్దపథంలో కలిసిపోయి ఉండటంతో, పాటను తీసేస్తే మాటలూ పోయాయి. ఆ భాగాలకు నటుల గొంతును అనుకరించేవారితో మళ్లీ డబ్బింగు చెప్పించారు. ‘డారియా’ అనే కార్టూన్ ధారావాహిక 2010లో డిస్కులుగా వచ్చినప్పుడు, అందులో దాదాపు సంగీతమంతా మార్చామని, లేకపోతే లైసెన్సుల ఖర్చుతో ఆ విడుదలే సాధ్యం కాదని సహ సృష్టికర్త గ్లెన్ ఐక్లర్ స్వయంగా చెప్పారు. ఖర్చు పెరగడానికి ఒప్పందాల్లో ఉండే ఒక షరతు కూడా కారణం: పబ్లిషర్‌కు ఎంత ఇస్తే ఆడియో కంపెనీకీ అంతే ఇవ్వాలి. ఒకరు బెట్టు చేసి ధర పెంచితే రెండవవారికీ తనంతట తానే పెరుగుతుంది.

ఇంకొకరి ప్రశ్న: మన ‘పోకిరి’, ‘జల్సా’ వంటివి 2022లో థియేటర్లకు మళ్లీ వచ్చినా పాటలు యథాతథంగానే ఉన్నాయి. మనకు ఈ సమస్య లేదా?

జవాబు: చాలావరకు లేదండీ, ఎందుకంటే మన పాటలు ఆ సినిమా కోసమే పుడతాయి. ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు వాటికి మొదటి హక్కుదారు నిర్మాతేనని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ గీత రచయితలకు, సంగీత దర్శకులకు సమాన రాయల్టీ హక్కును కల్పించినా, సినిమాతోపాటు హాలులో ప్రదర్శించడాన్ని దాని నుంచి మినహాయించింది. చిక్కల్లా మరో సినిమా పాటను తెచ్చి వాడుకున్నప్పుడే. హైదరాబాదు సంస్థ నిర్మించిన తమిళ చిత్రం ‘గుడ్ బ్యాడ్ అగ్లీ’లో ఇళయరాజా పాత పాటల వాడకం మీద 2025లో మద్రాసు హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతో, దాన్ని ఓటీటీ నుంచి తీయవలసి వచ్చింది. డాక్యుమెంటరీలు తీసేవారికి ఒక మాట: 1957 నాటి ‘మాయాబజార్’ పాటల రికార్డింగుకు అరవయ్యేళ్ల గడువు 2017తో ముగిసింది గాని, పింగళి నాగేంద్రరావు గారు 1971లో మరణించారు కనుక సాహిత్యానికి రక్షణ 2031 చివరి వరకు ఉంటుంది.

మొదట అడిగినవారు: ధన్యవాదాలు. మరి ఏ డిస్కు తెప్పించుకోవాలి?

జవాబు: 2014లో స్టార్‌విస్టా సంస్థ విడుదల చేసిన డీవీడీలలో జో కాకర్ పాటతో సహా అత్యధిక భాగం అసలు సంగీతం ఉంది. డబ్ల్యూకేఆర్‌పీకి కూడా అదే ఏడు షౌట్ ఫ్యాక్టరీ చాలా పాటలను తిరిగి చేర్చింది. 2007 నాటి డిస్కులో ఎన్నో పాటలు మారిపోయి ఉన్నాయి కనుక దాన్ని కొనకండి. ఏది కొన్నా పెట్టె వెనుక చిన్న అక్షరాల్లో ‘కొంత సంగీతం మార్చబడింది’ అనే అర్థంలో హెచ్చరిక ఉందేమో మీ అక్కయ్యగారిని చూడమనండి. ఒకే ధారావాహికలో సీజనుకూ సీజనుకూ తేడా ఉండవచ్చు. ‘మ్యారీడ్ విత్ చిల్డ్రన్’ మొదటి రెండు సీజన్ల డిస్కుల్లో ఫ్రాంక్ సినాట్రా పాడిన శీర్షిక గీతం ఉండగా, మూడవదాని నుంచి తీసేశారు. డీవీడీలను ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో సూచించే రీజియను సంఖ్యతో అమ్ముతారు; అమెరికా డీవీడీలు ఒకటవ రీజియనువి, మనది ఐదవది. కాబట్టి అన్ని రీజియన్ల డిస్కులూ ఆడే ప్లేయరు కావాలి. కంప్యూటరులో పెట్టి చూద్దామనుకుంటే, డ్రైవులో రీజియను సాధారణంగా ఐదుసార్లకు మించి మార్చనివ్వదని గుర్తుంచుకోండి.