తాంబూలాలు మార్చుకున్నాక మాట తప్పితే దావా వేయడం సబబేనా?

చీపురుపల్లి నుంచి:
మాఘమాసంలో మా అమ్మాయికి తాంబూలాలు మార్చుకున్నాం. వైశాఖంలో ముహూర్తం పెట్టుకుని, కల్యాణమండపానికి అడ్వాన్సు కట్టి, శుభలేఖలు అచ్చు వేయించాక, అబ్బాయి తరఫువారు ఈ సంబంధం వద్దని ఫోనులో ఒక్క మాటతో తేల్చేశారు. నష్టపరిహారానికి దావా వేయమని కొందరు, ఆడపిల్ల విషయం కోర్టుకెక్కించవద్దని కొందరు అంటున్నారు.

పాలకొండ నుంచి:
దావా వద్దండీ. ఇంగ్లండులో సైతం 1970 నాటి చట్టంతో ఇలాంటి దావాలను రద్దు చేశారు. పెద్దమనుషుల్లో పెట్టి ఖర్చులు రాబట్టుకోండి.

విజయనగరం నుంచి:
ఇష్టంలేని పెళ్లి చేసుకోమని ఏ కోర్టూ ఆదేశించదు, ఆదేశించకూడదు కూడా. అయితే పెళ్లి వద్దనుకునే స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన, తమ మాట నమ్మి ఎదుటివారు పెట్టిన ఖర్చును వారి నెత్తినే వదిలేసే హక్కు ఎవరికీ రాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను ప్రకారం, ఒప్పందం తప్పినందువల్ల సహజంగా కలిగిన నష్టానికి పరిహారం అడగవచ్చు. ఎక్కడో దూరంగా ముడిపెట్టి చెప్పే నష్టానికి దొరకదు. ఇరువైపులవారూ కూర్చుని ముహూర్తం పెట్టుకున్న తరువాత కట్టిన మండపం అడ్వాన్సు మొదటి కోవలోదేనని నా వాదన. మాట తప్పిన నాటి నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. ఇంగ్లండుతో పోలిక నాకు సరిపోయినట్టు తోచదు. మన దగ్గర రెండు కుటుంబాలు బంధువుల ఎదుట లగ్నపత్రిక రాయించుకుంటాయి, ఆ కాగితమే మీకు సాక్ష్యం. కట్నం పెంచమంటే మీరు కాదన్నందుకే తప్పుకున్నారా? అలాగైతే అది వేరే నేరం, 1961 నాటి చట్టం కింద కట్నం అడగడమే శిక్షార్హం.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. బెదిరించడానికి క్రిమినల్ కేసు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 69వ సెక్షను, పెళ్లాడే ఉద్దేశం లేకుండానే మాట ఇచ్చి శారీరక సంబంధం పెట్టుకున్నవారి కోసం ఉన్నది. మోసగించడానికి ఇచ్చిన మాట, నిజంగానే ఇచ్చి తరువాత నిలబెట్టుకోని మాట ఒకటి కావని సుప్రీంకోర్టు 2019లో ప్రమోద్ సూర్యభాన్ పవార్ కేసులో స్పష్టం చేసింది. సంబంధం తప్పిన ప్రతిచోటా ఆ సెక్షనును లాగితే, నిజంగా మోసపోయిన ఆడపిల్ల మాటకే విలువ పోతుంది.

ఆమదాలవలస నుంచి:
మా చెల్లెలి సంబంధం తప్పినప్పుడు నాన్నగారు సన్నాయి మేళానికి ఇచ్చిన బయానాతో సహా ఖర్చులన్నీ రూళ్ల పుస్తకంలో రాసి పెద్దమనుషుల ముందు ఉంచారు. వారు ఆ పుస్తకం తెరవనైనా తెరవకుండా, ఆడపిల్లవారు సర్దుకోవాలని సగానికి తెగ్గొట్టారు. అరుగు మీద అంత చర్చ జరుగుతుంటే, గుమ్మం లోపల నిలబడి ఉన్న చెల్లెలిని ఎవరూ ఒక్క మాట అడగలేదు. బాబుగారూ, మీరు మమ్మల్ని అడిగారు సరే, మీ అమ్మాయిని అడిగారా?

చీపురుపల్లి నుంచి:
అడగలేదమ్మా. మీ మాట చదివాక అడిగాను. “ఉంగరం తిరిగి ఇచ్చేద్దాం, ఖర్చు మాత్రం వదలొద్దు నాన్నా” అంది. లగ్నపత్రిక, రసీదులు తీసి ఉంచాను. ముందు వకీలు చేత నోటీసు ఇప్పిస్తాను.