‘మూర్ఖత్వ ప్రశంస’ అనాలా, ‘వెఱ్ఱి పొగడ్త’ అనాలా?

డచ్చి పండితుడు ఎరాస్మస్ లాటిన్‌లో రాసిన ‘మోరియే ఎంకోమియుమ్’ అనే వ్యంగ్యోపన్యాసం 1511లో అచ్చయింది. ఆ పేరును ‘మూర్ఖత్వ ప్రశంస’ అని తెనిగిస్తే చాలదా అన్న ప్రశ్నకు చాలదనే నా సమాధానం. అర్థం తప్పిపోదు గాని, పేరులోని చమత్కారం జారిపోతుంది.

ఆ రచనలో మాట్లాడేది రచయిత కాదు, మోరియా అనే స్త్రీ; గ్రీకులో ఆ మాటకు మూర్ఖత్వమనే అర్థం. ధనదేవుడు ప్లూటస్ కూతురు. మత్తూ అజ్ఞానమూ పాలిచ్చి పెంచిన పిల్ల. స్వానురాగం, ముఖస్తుతి, మతిమరుపు, సోమరితనం ఆమె చెలికత్తెలు. తనను పొగిడేవాళ్లు లేరు కనుక తానే పొగుడుకుంటానని సభకెక్కుతుంది. అంటే ‘మోరియే’ (‘మోరియా యొక్క’) అన్న షష్ఠీ విభక్తిలో కర్తా కర్మా రెండూ ఉన్నాయి: పొగిడేదీ ఆమే, పొగిడించుకునేదీ ఆమే. పాణిని ‘కర్తృకర్మణోః కృతి’ అని రెండింటికీ షష్ఠి చెప్పాడు కనుక ‘మూర్ఖత్వ ప్రశంస’కూ శాస్త్రప్రకారం ఆ రెండర్థాలు రావాలి, కాని తెలుగు చెవికి అక్కడ మూర్ఖత్వాన్ని పొగడడమే వినిపిస్తుంది.

పైగా మనకు మూర్ఖుడంటే పట్టిన పట్టు విడవనివాడు. ఇసుకలోంచి నూనె తీయవచ్చు గాని వాడి మనసు రంజింపజేయలేమని ఏనుగు లక్ష్మణకవి పద్యం చదువుకుని పెరిగినవాళ్లం కదా. మోరియా అలాంటిది కాదు. తాను లేకపోతే పెళ్లిళ్లు జరగవని, ముసలివాళ్లను మళ్లీ పసివాళ్లను చేసేది తానేనని చెప్పుకుంటుంది. మతపండితులూ, సన్యాసులూ, పోపులూ తన భక్తులేనంటుంది. ఇంత విస్తారమైన అర్థం ఉన్న మాట మనకు ‘వెఱ్ఱి’. తల్లి ‘వెర్రి నాన్నా’ అని బిడ్డను ముద్దుచేస్తుంది, మందలించినా అదే మాట అంటుంది. వెర్రి వేయి విధాలన్న సామెత ఉండనే ఉంది.

‘వెఱ్ఱి పొగడ్త’ అంటే వెర్రిని పొగడడం, వెర్రి పొగడడం మాత్రమే కాక, ఆ పొగడ్తే ఒక వెర్రి అన్న మూడో అర్థమూ దొరుకుతుంది. దీన్ని వ్యాజస్తుతి, అంటే పొగడ్త వేషంలో నింద, నింద వేషంలో పొగడ్త అనడానికి నాకు మనసొప్పదు. వ్యాజస్తుతిలో వక్తకు లోపలి మాట తెలుసు, ఇక్కడ వక్తకే తెలియదు.

ఎరాస్మస్ స్నేహితుడైన ఇంగ్లీషు రచయిత థామస్ మోర్ ఇంటిపేరుకూ ‘మోరియా’కూ మధ్య ఉన్న శ్లేష మాత్రం తెలుగులోకి రాదు. మోర్ ఇంట్లో ఉండి రాసి ఆయనకే అంకితమిచ్చిన పుస్తకం కనుక మొదటి పాఠకులకు అది వెంటనే తట్టి ఉంటుంది. ఇక్కడ పీఠికలో ఒక వాక్యం చాలు. కొత్త శ్లేష అతికించనక్కరలేదు.

ఒక లాభం కూడా చెప్పాలి. తెలుగులో ఏకవచన స్త్రీకీ అమహత్తుకూ (మనుషులు కానివాటికీ) క్రియ ఒకటే కనుక ‘వెఱ్ఱి లేచింది, సభను చూసి నవ్వింది’ అని రాస్తే, అది మనిషో గుణమో తేల్చనక్కరలేదు. సర్వనామం దగ్గరే చిక్కు వస్తుంది: ‘అది’ అంటే మనిషి పోతుంది, ‘ఆమె’ అంటే గుణం మరుగున పడుతుంది. నేనైతే ఆమె తన గురించి తాను చెప్పుకునే చోట్ల ‘నేను’తో సరిపెట్టి, మిగతా చోట్ల సర్వనామం లేకుండానే నడుపుతాను.